పనికిరాని ప్రాణికి చోటెక్కడ?

(సభకు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని టైపు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

పర్యావరణం గురించి మాట్లాడమంటే మామూలుగా ఎలా మొదలవుతుంది? అడవులు తరిగిపోతున్నాయి, ఎండలు ముదురుతున్నాయి, ప్లాస్టిక్ గుట్టలు పేరుకుపోతున్నాయి అని మొదలవుతుంది. ఆ సంగతులన్నీ మీకు తెలుసు, రోజూ వింటూనే ఉన్నారు. అందుకని ఈ పూట నేను వాటి జోలికి వెళ్లను. ఒకే ఒక ప్రశ్న పట్టుకుంటాను. దాన్నే అటు తిప్పి ఇటు తిప్పి చూద్దాం.

మనకు ఏ రకంగానూ పనికిరాని ప్రాణి ఒకటి ఉందనుకోండి. తిండికి పనికిరాదు, మందుకు పనికిరాదు. చూడ్డానికి అందంగా ఉండదు, వినడానికి గొంతు బాగుండదు. రేపు పొద్దున్నకల్లా అది భూమ్మీద లేకుండా పోయినా మనకు నయాపైసా నష్టం లేదు. దాన్ని బతకనివ్వాల్సిన బాధ్యత మనకుందా, లేదా?

"ఉంది" అని మీలో చాలామంది తల ఊపుతున్నారు. సంతోషం. కానీ ఎందుకుందో చెప్పండి అంటే అప్పుడు మొదలవుతుంది చిక్కు. "ఏమో, రేపు దాన్లోంచి ఏదైనా మందు దొరకొచ్చు కదా" అంటాం. "ఆహార గొలుసులో ఒక లంకె తెగితే మనకే ముప్పు కదా" అంటాం. చూశారా? పనికిరానిది అని నేను ముందే చెప్పాను. అయినా సరే, దానికి ఏదో ఒక పని అంటగట్టకుండా మనం ఉండలేకపోతున్నాం. జీవించడానికి అది మన దగ్గర ఉద్యోగం చూపించాలి అన్నట్టు మాట్లాడుతున్నాం. ఈ అలవాటు గురించే నేను మాట్లాడదామనుకుంటున్నాను.

ముందు రాబందు సంగతి చూద్దాం.

రాబందంటే ఎవరికి ఇష్టం చెప్పండి? ఎవరినైనా గట్టిగా తిట్టాలంటే "రాబందులా పీక్కు తింటున్నాడు" అంటాం. బోడి మెడ, చచ్చిన పశువు మీద వాలే అలవాటు. పిల్లల పుస్తకాల్లో నెమలి బొమ్మ ఉంటుంది, చిలక బొమ్మ ఉంటుంది, రాబందు బొమ్మ ఎవరు వేస్తారు? 1980ల దాకా భారతదేశంలో రాబందులు కోట్లలో ఉండేవని అంచనా. తెల్లవీపు రాబందునైతే, ప్రపంచంలో పెద్ద వేటపక్షులన్నిటిలోకీ సంఖ్యలో ఎక్కువ ఉన్నది బహుశా ఇదేనేమో అనేవాళ్లు. అంత ఎక్కువగా ఉన్నదాన్ని ఎవరు పట్టించుకుంటారు? ఎవరూ పట్టించుకోలేదు.

1990ల చివర్లో రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షుల అభయారణ్యంలో విభు ప్రకాష్ అనే పక్షి శాస్త్రవేత్త ఒక తేడా గమనించారు. కొమ్మల మీద కూర్చున్న రాబందుల మెడలు వాలిపోయి ఉన్నాయి. తల కిందికి వేలాడేసుకుని అలాగే కూర్చుంటున్నాయి. ఎవరో కదిలించినట్టు ఒకసారి ఉలిక్కిపడి తల ఎత్తుతాయి, మళ్లీ వాల్చేస్తాయి. తర్వాత కొమ్మ మీంచి రాలిపోతాయి. చెట్ల కింద కళేబరాలు, గూళ్లలో కళేబరాలు. ఏదో వైరస్ అనుకున్నారు మొదట్లో. అలా అనుకోవడం సహజమే, అన్ని చోట్లా ఒకేలా చస్తున్నాయి కాబట్టి.

పాకిస్తాన్‌లోని పంజాబ్‌లోనూ ఇదే జరుగుతోంది. అక్కడ పరిశోధకులు చనిపోయిన పక్షులను కోసి చూస్తే, గుండె మీద, కాలేయం మీద తెల్లటి పొర కనిపించింది. అది యూరిక్ యాసిడ్. కిడ్నీలు పనిచేయడం మానేస్తే ఒంట్లోంచి బయటికి పోవాల్సింది పోక అవయవాల మీద అలా గట్టిపడుతుంది. మరి కిడ్నీలు ఎందుకు పాడయ్యాయి? 2004లో జవాబు బయటికొచ్చింది. డైక్లోఫెనాక్. మీలో చాలామంది వాడే ఉంటారు. ఒళ్లునొప్పులకీ, కీళ్లనొప్పులకీ డాక్టర్లు రాసే మామూలు మందు. చవకగా దొరకడంతో 1990ల్లో పశువులకు కూడా విరివిగా వాడడం మొదలైంది. కుంటుతున్న ఎద్దుకు, జ్వరంతో పడుకున్న ఆవుకు ఒక ఇంజెక్షన్ ఇస్తారు. ఆ పశువు ఒకట్రెండు రోజుల్లో చనిపోతే మందు ఇంకా ఒంట్లోనే ఉంటుంది. రాబందులు గుంపుగా వాలతాయి, గుంపుగా తింటాయి. ఒక్క కళేబరం చాలు, గుంపంతా పోవడానికి.

అసలు ఆశ్చర్యపోవాల్సింది ఇక్కడ. ఈ మందు ఉన్న కళేబరాలు ఎన్ని ఉండి ఉంటాయి? సగమా? పావు వంతా? నూటికి ఒకటి కూడా అక్కర్లేదని లెక్క తేలింది. ఎందుకంటే రాబందు ఏడాదికి పెట్టేది ఒకే ఒక్క గుడ్డు. ఆ పిల్ల పెరిగి జత కట్టడానికి సుమారు అయిదేళ్లు. అలాంటి పక్షి నష్టాన్ని పూడ్చుకోలేదు. 1992 నుంచి 2007 లోపల తెల్లవీపు రాబందులు వెయ్యికి ఒకటి మిగిలింది. వెయ్యికి ఒకటి! వేటగాడు లేడు, వల లేదు, తుపాకీ లేదు.

ఇందులో దుర్మార్గుడెవరో చెప్పండి. రైతా? తన పశువు నొప్పితో మూలుగుతుంటే చూడలేక మందు వేయించాడు. అది దయే కదా. పశువుల డాక్టరా? ఆయన పని ఆయన చేశాడు. మందు కనిపెట్టినవాళ్లా? మనుషుల నొప్పి తగ్గించారు. ఇంతమంది మంచివాళ్లు కలిసి కోట్ల పక్షుల్ని తుడిచిపెట్టారు. ఎలా జరిగింది ఇది? ఈ మందు పశువు దగ్గర ఆగదు, దాన్ని తినేవి ఉన్నాయి, వాటికేమవుతుంది అని ఎవరూ ఒక్కసారైనా అడగలేదు. అడగాల్సిన పని ఎవరికీ అప్పజెప్పలేదు. క్రూరత్వం వల్ల జరిగే హాని గురించి మనం చాలా మాట్లాడుకుంటాం. నా మట్టుకు నాకు క్రూరత్వం కన్నా ఇదే ఎక్కువ భయం. అడగకపోవడం.

2006లో పశువైద్యంలో ఈ మందును భారత ప్రభుత్వం నిషేధించింది. మెలాక్సికామ్ అనే మందు రాబందులకు ప్రమాదం లేదని పరీక్షించి తేల్చారు, పశువులకు అదీ పనిచేస్తుంది. సమస్య తీరిపోవాలి కదా? తీరలేదు. మనుషుల కోసం తయారుచేసిన పెద్ద సీసాలు కొని పశువులకు వాడారు. 2015లో ఆ పెద్ద సీసాలు ఆపేసి, ఒక్క డోసు మాత్రమే పట్టే సీసాలు అమ్మాలన్నారు. ఈలోపు కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ అనే మరో రెండు మందులు రంగంలోకి వచ్చాయి. అవీ రాబందులకు విషమే. వాటిని పశువులకు వాడకూడదని 2023లో నిషేధించారు. గమనించారా? ప్రతిసారీ మందు ముందు వస్తుంది, చావు తర్వాత వస్తుంది, పరీక్ష ఆ తర్వాత వస్తుంది, నిషేధం అన్నిటికన్నా ఆఖర్న వస్తుంది. ఈ వరస తిరగబడాలి. పరీక్ష ముందు రావాలి. మీలో ఫార్మసీ చదివేవాళ్లు ఉంటే ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి.

సరే. ఇప్పుడు రాబందు లెక్క ఇంకొకటి చెబుతాను. రాబందులు పోయాక కళేబరాలు అలాగే కుళ్లాయి. కుక్కలు పెరిగాయి, నీళ్లు పాడయ్యాయి. ఈయాల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2024లో ఒక అంచనా వేశారు. 2000 నుంచి 2005 దాకా భారతదేశంలో రాబందులు మాయమవడం వల్ల అదనంగా చనిపోయిన మనుషులు సుమారు 5 లక్షలు. ఇది వినగానే "అమ్మో, రాబందు ఎంత పనికొచ్చే పక్షో" అనిపిస్తుంది. నిజమే. ఆ పరిశోధన చాలా విలువైనది, దాన్ని చూపిస్తే ప్రభుత్వాలు కదులుతాయి. నేను కాదనడం లేదు.

కానీ నాకు మింగుడుపడనిది ఒకటుంది. ఆ 5 లక్షల లెక్క తేలకపోతే? రాబందులు పోయినా మనకేమీ కాలేదు అని ఆ ఆర్థికవేత్తలు చెప్పి ఉంటే? అప్పుడు కొమ్మ మీద మెడ వాల్చి రాలిపోయిన ఆ పక్షికి జరిగింది అన్యాయం కాకుండా పోతుందా?

ఉపయోగం అనే వాదన రెండంచుల కత్తి. దానికి చరిత్రలో చాలా సాక్ష్యాలున్నాయి, ఒకటి చెబుతాను. 1741లో బేరింగ్ అనే నావికుడి ఓడ ఉత్తర పసిఫిక్‌లో ఒక దీవి దగ్గర దెబ్బతింది. అందులో స్టెల్లర్ అనే ప్రకృతి శాస్త్రవేత్త ఉన్నాడు. ఆ తీరంలో సముద్రపు నాచు మేస్తూ తిరిగే భారీ జంతువులు కనిపించాయి. సముద్రపు ఆవులు అన్నారు వాటిని. పొడవు ఎనిమిది మీటర్ల దాకా ఉండేది. నీళ్లలో మునగలేవు, మనిషిని చూసి పారిపోవు. ఆకలితో ఉన్న నావికులు వాటిని కొక్కాలతో లాగి చంపి తిన్నారు. స్టెల్లర్ రాసిపెట్టిన వివరాలు చదివితే మనసు మనసులో ఉండదు. ఒకదానికి కొక్కెం తగిలితే మిగతావి చుట్టూ మూగేవట. కొన్ని తాడు మీద పడి తెంపడానికి చూసేవట. ఒక ఆడ జంతువును ఒడ్డుకి లాగి చంపేస్తే దాని జత మగది ఒడ్డు దాకా వెంట వచ్చింది. మర్నాడు పొద్దున మాంసం కోయడానికి వెళ్తే ఆ మగది అక్కడే ఉంది. మూడో రోజూ అక్కడే ఉంది.

ఆ జంతువు పనికిరానిదా? ఎంతో పనికొచ్చింది. మాంసం రుచి, కొవ్వు ఎన్నాళ్లున్నా చెడిపోదు. ఆ సంగతి తెలిసి తర్వాతి వేటగాళ్లందరూ ఆ దారి పట్టారు. 1768 నాటికి ఆ జాతి అంతరించిపోయింది. సైన్సు కంట్లో పడిన 27 ఏళ్లకు. పనికిరాదని రాబందును పట్టించుకోలేదు, పనికొస్తుందని సముద్రపు ఆవును మిగలనివ్వలేదు. మరి ఏ ప్రాణి బతకాలి? మనకు హాని చేస్తుందనుకున్నదాని సంగతి చెప్పనే అక్కర్లేదు. 1958లో చైనాలో పిచ్చుకలు ధాన్యం తింటున్నాయని ఊళ్లకు ఊళ్లు కదిలి చంపారు. ఆ పిచ్చుకలు తినే పురుగులు పంటల మీద పడ్డాక, 1960లో చంపాల్సిన పీడల జాబితాలోంచి పిచ్చుకను తీసి నల్లిని చేర్చారు.

అంటే పునాది ఇంకెక్కడో ఉండాలి. ఉపయోగం కాకపోతే మరేమిటి?

1789లో జెరెమీ బెంథామ్ అనే ఇంగ్లిష్ తత్త్వవేత్త ఒక మాటన్నాడు. జంతువులు ఆలోచించగలవా, మాట్లాడగలవా అని కాదు అడగాల్సింది, బాధపడగలవా అని అడగాలి అన్నాడు. అప్పటికి నూరేళ్లకు పైగా యూరప్‌లో జంతువు అంటే ఒక యంత్రం అనే వాదన నడుస్తోంది. కొడితే అరుస్తుంది, అది గడియారం గంట కొట్టడం లాంటిదే అనేవాళ్లు ఉన్నారు. ఆ కాలంలో ఈ ప్రశ్న వేయడం చిన్న విషయం కాదు.

బాధ అంటే ఆవు, కుక్క, కోతి వరకూ మనకు ఒప్పుకోవడం కష్టం కాదు. మొహంలో తెలుస్తుంది. పీత సంగతేమిటి? పీత మొహంలో ఏం తెలుస్తుంది? బెల్‌ఫాస్ట్‌లో రాబర్ట్ ఎల్‌వుడ్ అనే శాస్త్రవేత్త దీని మీద చాలా ఏళ్లు పనిచేశాడు. ఖాళీ శంఖాల్లో కాపురముండే పీతలు ఉంటాయి చూడండి, వాటి మీద. ఈ పీతలకు శంఖాల్లో మంచి చెడ్డా తేడా బాగా తెలుసు. ఆయన శంఖం లోపల చిన్న కరెంటు షాక్ తగిలే ఏర్పాటు చేశాడు. నచ్చని శంఖంలో ఉన్న పీతలు షాక్ తగలగానే ఎక్కువగా బయటికొచ్చేశాయి. నచ్చిన శంఖంలో ఉన్నవి ఎక్కువ ఓర్చుకున్నాయి. షాక్ తిని కూడా లోపలే ఉండిపోయినవాటికి తర్వాత కొత్త శంఖం చూపిస్తే, మామూలు పీతల కన్నా తొందరగా దాని దగ్గరికి వెళ్లాయి.

ఇందులో ఏముంది అంటారా? చాలా ఉంది. ముట్టుకుంటే ముడుచుకోవడం వేరు. బాధ ఒకవైపు, ఇల్లు పోతుందనే నష్టం ఒకవైపు పెట్టుకుని తూచుకోవడం వేరు. తర్వాత కూడా గుర్తుంచుకోవడం వేరు. మనం అద్దె ఇంట్లో ఇబ్బందులు పడుతూ "పోనీలే, ఇల్లు బాగుంది" అని ఓర్చుకునేటప్పుడు చేసే పని కూడా దాదాపు ఇదే. ఇలాంటి పరిశోధనలన్నీ చూశాక 2022లో బ్రిటన్ జంతు సంక్షేమ చట్టంలో పీతలనూ రొయ్యలనూ ఆక్టోపస్‌లనూ కూడా బాధ తెలిసిన జీవులుగా చేర్చారు. 1789లో వేసిన ప్రశ్న పీత దాకా చేరడానికి 233 ఏళ్లు పట్టింది.

మళ్లీ చిక్కు. బాధ తెలిసినవాటికే గౌరవం అంటే, చెట్టు? నాచు? నది? ఒక జాతి మొత్తం? జాతికి బాధ ఉండదు, బాధ విడివిడి ప్రాణులకే ఉంటుంది. ఇక్కడ నాకు ఆల్బర్ట్ ష్వైట్జర్ చాలా సాయం చేశాడు. ఆయన తత్త్వవేత్త, సంగీతకారుడు, డాక్టరు. ఆఫ్రికాలో గబాన్‌లో ఆసుపత్రి పెట్టి చాలా ఏళ్లు అక్కడే వైద్యం చేశాడు. 1915లో ఒగోవే నదిలో పడవ మీద రోగిని చూడ్డానికి వెళ్తున్నాడు. నీతి అనేదానికి పునాది ఏమిటా అని ఎంతో కాలంగా తల బద్దలు కొట్టుకుంటున్నాడు. మూడో రోజు సాయంత్రం పడవ నీటిగుర్రాల మంద మధ్య నుంచి వెళ్తుంటే ఆయనకు ఆ మాట స్ఫురించింది. జీవం పట్ల భక్తి. బతకాలని కోరుకునే జీవాల నడుమ, బతకాలని కోరుకునే ఒక జీవాన్ని నేను. ఇదీ ఆయన చెప్పిన దాని సారం.

ఇది వినడానికి బాగుంటుంది. ఆచరించబోతే ఏమవుతుంది? ఆయనే ఒక ఉదాహరణ చెప్పాడు. నది ఒడ్డున కొందరు ఒక చేపల గద్ద పిల్లను పట్టుకుని హింసిస్తుంటే, ఆయన డబ్బిచ్చి దాన్ని విడిపించుకున్నాడు. బాగుంది. ఇప్పుడు దానికి తిండి? చేపలు పెట్టాలి. రోజూ ఈ ఒక్క పిల్లను బతికించడానికి ఎన్నో చేపల్ని చంపాలి. లేదా దీన్ని ఆకలితో చావనివ్వాలి. ఏం చేయాలి? ఆయన చేపలు పెట్టాడు. పెట్టి, ప్రతిరోజూ అది తన బాధ్యత మీద జరుగుతున్న చావు అని గుర్తుంచుకున్నాడు. ఆయన డాక్టరు కాబట్టి సూక్ష్మజీవుల్ని కూడా చంపాల్సిందే, చంపాడు. ఆయన దగ్గర నేను నేర్చుకున్నది ఇది. ఎవరూ చేతికి మట్టి అంటకుండా బతకలేరు. తినే ప్రతి ముద్ద వెనకా ఏదో ఒక చావు ఉంది. పూర్తిగా శాకాహారం తిన్నా, నాగలి కింద నలిగినవి ఉన్నాయి. అందుకని "ఏ ప్రాణికీ హాని చేయను" అనే ప్రతిజ్ఞ నిలబడదు. "కారణం లేకుండా చేయను" అనేది నిలబడుతుంది.

పశువుల కోసం వెయ్యి పూలున్న పచ్చిక కోసిన రైతు, ఇంటికి వెళ్తూ దారి పక్కనున్న ఒక్క పువ్వును ఊరికే తుంచకూడదు అంటాడు ష్వైట్జర్. మొదట్లో నాకిది ఛాదస్తంలా అనిపించేది. వెయ్యి కోసినవాడికి ఒకటి లెక్కా? లెక్కే. ఎందుకంటే ఆ వెయ్యికీ కారణం ఉంది, ఈ ఒక్కదానికీ లేదు. బతకనివ్వడానికి కారణం అడిగే అలవాటు మనది. నేను తలకిందులు చేయమంటున్నాను. చంపడానికి కారణం అడగాలి. కారణం చూపించాల్సింది ఆ ప్రాణి కాదు, మనం. నేను మీకు చెప్పదలుచుకున్నదంతా ఇదే.

ఇంతవరకూ ఒప్పుకుంటే, కష్టమైన చోటికి వెళ్దాం. అన్ని ప్రాణులనూ గౌరవించాలి అన్నప్పుడు, ఒకదాన్ని బతికించాలంటే ఇంకోదాన్ని చంపాల్సి వస్తే?

గాలపాగోస్ దీవుల గురించి వినే ఉంటారు. వందేళ్లకు పైగా బతికే పెద్ద తాబేళ్లు ఉంటాయక్కడ. పాతకాలం నావికులు, తర్వాత స్థిరపడినవాళ్లు, మాంసం కోసమని దీవుల్లో మేకల్ని వదిలారు. మేకలు లక్షకు పైగా పెరిగి పచ్చదనమంతా మేసేశాయి. తాబేళ్లకు తిండి లేదు, నీడ లేదు, నీళ్లు నిలిచే చోటు లేదు. 1997లో మొదలుపెట్టి 2006 దాకా ఒక పెద్ద కార్యక్రమం నడిపి మేకల్ని చంపేశారు. హెలికాప్టర్ల మీంచి కూడా కాల్చారు. మంద పలచబడ్డాక మిగిలినవి రాళ్ల మాటున దాక్కున్నాయి, కనిపించవు. అప్పుడు ఏం చేశారంటే, కొన్ని మేకల మెడకు రేడియో పట్టీ కట్టి వదిలారు. మేక ఒంటరిగా ఉండలేదు. తోటివాటిని వెతుక్కుంటూ వెళ్తుంది. ఎక్కడో లోయలో నాలుగు మేకల్ని కలుస్తుంది. రేడియో సంకేతం పట్టుకుని మనుషులొస్తారు. ఆ నాలుగింటినీ కాల్చి, పట్టీ ఉన్నదాన్ని వదిలేస్తారు. అది మళ్లీ వెతుక్కుంటూ బయల్దేరుతుంది.

ఒక్క నిమిషం ఆ మేక గురించి ఆలోచించండి.

దీన్ని తప్పు అనగలమా? మేకలు పోయాక పచ్చదనం తిరిగొచ్చింది, తాబేళ్లు నిలబడ్డాయి. ఆ తాబేళ్లు ప్రపంచంలో ఇంకెక్కడా లేవు, మేకలు ప్రపంచమంతా ఉన్నాయి. నన్నడిగితే, చేయాల్సి వచ్చింది అనే అంటాను. మీలో కొందరు ఒప్పుకోకపోవచ్చు, ఆ అభ్యంతరానికి నాకు గౌరవం ఉంది. నేను ఒప్పుకోనిది ఒకటే. "పీడ విరగడైంది" అని చేతులు దులుపుకోవడం. ఆ మేకలు తమంతట తాము ఈదుకుంటూ రాలేదు. మనం తెచ్చి వదిలాం. మన పనికి అవి మూల్యం చెల్లించాయి. మరి దానికి బదులుగా మనం చేయగలిగింది ఏముంది? మళ్లీ అలాంటి స్థితి రాకుండా చూడడం. ఇప్పుడు గాలపాగోస్ వెళ్లేవాళ్ల సామాను తనిఖీ చేస్తారు. విత్తనాలు, పండ్లు, మొక్కలు తీసుకెళ్లడం మీద గట్టి ఆంక్షలున్నాయి. ప్రయాణికులకు అది విసుగే. సంచిలో పండు తీసి పడేయడం మనకు చిన్న నష్టం, రేపు హెలికాప్టర్ల మీంచి కాల్చాల్సి రావడం పెద్ద పాపం.

ఇప్పుడు మీ మనసులో ఉన్న ప్రశ్నకు వస్తాను. ఎక్కడ మాట్లాడినా ఎవరో ఒకరు అడుగుతారు. "ముందు మనుషుల సంగతి చూడండి. తిండి లేనివాళ్లున్నారు, ఇల్లు లేనివాళ్లున్నారు. పీతలకేం తొందర?" ఇది నిజాయితీగల ప్రశ్న. కొట్టిపారేయకూడదు.

జపాన్‌లో మినమాటా అనే ఊరుంది, సముద్రం ఒడ్డున. అక్కడ చిస్సో అనే రసాయనాల కంపెనీ ఫ్యాక్టరీ. 1950ల్లో ఆ ఊళ్లో పిల్లులు వింతగా ప్రవర్తించడం మొదలైంది. తూలేవి, గింగిరాలు తిరిగేవి, మూర్ఛ వచ్చినట్టు కొట్టుకునేవి, కొన్ని సముద్రంలో పడి చచ్చేవి. పిల్లులే కదా. తర్వాత జాలరి కుటుంబాల్లో మనుషులకు అవే లక్షణాలు వచ్చాయి. 1956లో ఈ జబ్బును అధికారికంగా గుర్తించారు. ఫ్యాక్టరీ కాలవలోంచి పాదరసం సముద్రంలోకి, చేపల్లోకి, చేపలు తిన్న పిల్లుల్లోకి, మనుషుల్లోకి. గర్భంలో ఉన్న శిశువుల దాకా వెళ్లింది.

ఆ కంపెనీ ఆసుపత్రిలోనే హోసోకావా అనే డాక్టరు ఉన్నాడు. 1959లో ఆయన ఫ్యాక్టరీ వ్యర్థజలాన్ని తిండిలో కలిపి ఒక పిల్లికి పెట్టాడు. దానికి పేరు లేదు, నంబరే. 400వ నంబరు పిల్లి. అక్టోబరుకల్లా దానికి మూర్ఛలొచ్చాయి. కారణం ఏమిటో ఫ్యాక్టరీ యాజమాన్యానికి అప్పుడే తెలిసింది. ఏం చేశారు? ఆ ఫలితాన్ని బయటికి రానివ్వలేదు. అదే ఏడాది డిసెంబరులో బాధిత కుటుంబాలతో ఒక ఒప్పందం రాయించుకున్నారు. కొంత సొమ్ము ఇస్తాం, రేపు తప్పు మాదేనని తేలినా ఇంకేమీ అడగకూడదు అని. వ్యర్థాలు 1968 దాకా అలా సముద్రంలోకి పోతూనే ఉన్నాయి. హోసోకావా ఆఖరికి 1970లో, చావుబతుకుల్లో మంచం మీద నుంచి కోర్టుకు వాంగ్మూలం ఇచ్చాడు. 1973లో బాధితులు గెలిచారు.

మనుషులు ముందా, ప్రాణులు ముందా అనే ప్రశ్న మినమాటాలో ఎవరైనా అడగగలరా? అక్కడ పిల్లిని లెక్కచేయని చూపూ, పేద జాలరిని లెక్కచేయని చూపూ ఒకటే. "వీళ్లు పోతే మనకేం నష్టం" అనే లెక్క ఒకసారి అలవాటైతే అది పిల్లి దగ్గర ఆగదు. బలహీనుల దాకా వస్తుంది. ఎప్పుడూ అలాగే వచ్చింది.

మీరు నన్ను ఇక్కడ పట్టుకోవచ్చు. "పిల్లుల్ని గమనిస్తే మనుషులు బతికేవాళ్లు అంటున్నారు, ఇదీ ఉపయోగమే కదా" అని. సరైన మాటే. అందుకే 400వ నంబరు పిల్లిని విడిగా గుర్తుచేస్తున్నాను. హోసోకావా మంచివాడు, ఆ ప్రయోగానికి కారణం ఉంది, మనుషుల ప్రాణాలు పోతున్నాయి. అయినా ఆ పిల్లి పడిన బాధ ఆ పిల్లిదే. మనకెంత మేలు జరిగిందన్న దాన్నిబట్టి దాని బాధ తగ్గదు. పైగా ఆ నిజాన్ని దాచిపెట్టి, దాని చావుకున్న ఒక్క కారణాన్నీ లేకుండా చేశారు.

ఇక ఆఖరి సంగతి. ఇదంతా మనసులో అనుకుంటే సరిపోతుందా? రాబందుల విషయంలో చూశాం, మంచి మనసులకు కొదవలేదు, అడిగే మనిషి లేడు. కాబట్టి అడిగే ఏర్పాటు ఉండాలి. 1972లో క్రిస్టఫర్ స్టోన్ అనే అమెరికన్ న్యాయశాస్త్ర ఆచార్యుడు ఒక వాదన తెచ్చాడు. కంపెనీకి నోరు లేదు, అయినా కోర్టుకెక్కుతుంది. పసిపిల్లకు మాటలు రావు, అయినా సంరక్షకుడు మాట్లాడతాడు. అడవికీ నదికీ అలా ఎందుకు ఉండకూడదు? అప్పుడు చాలామంది నవ్వారు. 2008లో ఈక్వడార్ ప్రకృతి హక్కుల్ని రాజ్యాంగంలోనే రాసుకుంది. రాసుకుని ఊరుకోలేదు. లాస్ సెద్రోస్ అనే మేఘాల అడవిలో గనులకు ఇచ్చిన అనుమతుల్ని 2021లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ హక్కుల పేరుమీదే కొట్టేసింది. న్యూజీలాండ్‌లో వాంగనుయి నదికి 2017లో చట్టం ప్రకారం ఒక వ్యక్తికి ఉండే హోదా వచ్చింది. ఆ నదిని పూర్వీకురాలిగా భావించే మావోరీలు, అంటే అక్కడి ఆదివాసులు, 1870ల నుంచీ దాని కోసం అర్జీలు పెడుతూ వచ్చారు. ఇప్పుడు ఆ నది తరఫున మాట్లాడడానికి ఇద్దరుంటారు, ఒకరిని మావోరీలు, ఒకరిని ప్రభుత్వం నియమిస్తుంది.

చట్టాలు వచ్చినంత మాత్రాన అన్నీ సర్దుకున్నాయని నేను చెప్పను. అమలులో తగవులు ఉంటాయి, ఉన్నాయి కూడా. కానీ అలాంటి చట్టం కోసం మనం ఆగక్కర్లేదు. మీలో రేపు ఇంజినీర్లయ్యేవాళ్లున్నారు, మందుల కంపెనీల్లో చేరేవాళ్లున్నారు, ఆఫీసర్లయ్యేవాళ్లున్నారు, అపార్ట్‌మెంట్ కమిటీలో ఉన్నవాళ్లూ ఉన్నారు. ఏ మీటింగ్ అయినా సరే, రోడ్డు వేయడం గురించి, చెట్టు కొట్టడం గురించి, పురుగుమందు చల్లడం గురించి, రాత్రంతా లైట్లు వేయడం గురించి మాట్లాడుకునే చోట ఒక మనిషికి ఒక పని అప్పజెప్పండి. ఈ నిర్ణయం వల్ల ఏ ప్రాణికి ఏమవుతుంది, వేరే దారి లేదా, ఉంటే ఎందుకు వద్దన్నాం అని అడగడం ఆ మనిషి పని. అడిగిందీ, వచ్చిన జవాబూ మినిట్స్‌లో రాయాలి. ప్రతిసారీ ఆ మనిషి మాటే నెగ్గాలని నేను అనడం లేదు. చాలాసార్లు నెగ్గదు. జవాబు మాత్రం కాగితం మీద ఉండాలి, కింద సంతకం ఉండాలి.

ఇక్కడితో ఆపుతాను. మేకల గురించి నేను చెప్పినదానితో ఒప్పుకోనివాళ్లు ముందు మాట్లాడితే బాగుంటుంది. మైకు అటు ఇవ్వండి.